స్పైక్ బస్టర్ ఉన్నా టీవీ, ఫ్రిజ్ పోయాయంటే ముందు న్యూట్రల్ చూడండి

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను. మీది త్రీ ఫేజ్ కనెక్షన్, అంటే కరెంటు తెచ్చే ఫేజ్ వైర్లు మూడు. గాలివాన రాత్రి కరెంటు పోతూ వస్తూ ఉంది. ఒకసారి వచ్చినప్పుడు హాల్లో లైట్లు కళ్ళు చెదిరేలా వెలిగాయి, అదే సమయంలో వంటగదిలో లైటు మసకబారి ఫ్యాను నీరసంగా తిరిగింది. కాసేపటికి టీవీ, ఫ్రిజ్ బోర్డు, రెండు ఛార్జర్లు పోయాయి. టీవీ స్పైక్ బస్టర్‌లోనే ఉంది. చూడ్డానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇది పిడుగు దెబ్బ అనీ, మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (ఎస్‌పీడీ) పెట్టిస్తే చాలనీ చెప్పారు. అది పెడితే ఇక టెన్షన్ ఉండదా అని అడిగారు.

ఎస్‌పీడీ పెట్టించండి, అవసరమే. కానీ అదొక్కటే పెట్టించి ఊరుకుంటే ఇదే నష్టం మళ్ళీ జరుగుతుంది. మీరు చెప్పిన లక్షణాలు పిడుగువి కావు. ఒక గదిలో వెలుతురు పెరుగుతూ, అదే సమయానికి ఇంకో గదిలో తగ్గిందంటే నూటికి తొంభై పాళ్ళు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) తెగిందనో, వదులైందనో అర్థం. ఆ గొడవను ఎస్‌పీడీ ఆపలేదు. ఒక్కోసారి అదే ముందు కాలిపోతుంది.

ఇంట్లోకి వచ్చే అధిక వోల్టేజి రెండు రకాలు. మొదటిది స్పైక్. దగ్గర్లో పిడుగు పడినప్పుడో, లైన్‌లో పెద్ద స్విచింగ్ జరిగినప్పుడో, పెద్ద మోటారు ఆగినప్పుడో వస్తుంది. వేల వోల్టులు ఉండొచ్చు, కానీ సాధారణంగా కొన్ని పదుల నుంచి కొన్ని వందల మైక్రోసెకన్లలో ముగిసిపోతుంది. రెండోది నిలకడగా ఉండే హై వోల్టేజి. 230 వోల్టులు రావాల్సిన చోట 300, 350, ఒక్కోసారి 400కు దగ్గరగా వచ్చి, ఎవరో ఒకరు మెయిన్ ఆపేదాకా అలాగే ఉంటుంది. మొదటిదాన్ని ఆపే పరికరం రెండోదాన్ని ఆపదు, రెండోదాన్ని ఆపేది మొదటిదాన్ని ఆపదు. ఇళ్ళలో డబ్బు వృథా అయ్యేది ఈ తేడా దగ్గరే.

న్యూట్రల్ పోతే వోల్టేజి ఎందుకు పెరుగుతుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. 230/400 వోల్టుల త్రీ ఫేజ్ సప్లైలో ప్రతి ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230, ఏ రెండు ఫేజ్‌ల మధ్య చూసినా 400 వోల్టులు ఉంటాయి. ఒక ఫేజ్ మీద 2000 వాట్ల హీటర్ నడుస్తోంది, ఇంకో ఫేజ్ మీద టీవీ, లైట్లు కలిపి 200 వాట్లు ఉన్నాయనుకోండి. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపూ దేని 230 దానికి అందుతుంది. న్యూట్రల్ తెగిన క్షణం నుంచీ ఈ రెండు లోడ్లూ సిరీస్‌లో పడి ఆ 400 వోల్టులను పంచుకుంటాయి. హీటర్ నిరోధం సుమారు 26 ఓమ్‌లు, టీవీ వైపుది సుమారు 265. నిరోధం ఎక్కువ ఉన్నదాని మీదే ఎక్కువ వోల్టేజి పడుతుంది కాబట్టి హీటర్‌కు 36 వోల్టులు మిగులుతాయి, టీవీ వైపు 364 వోల్టులు వస్తాయి. అంటే తక్కువ కరెంటు తీసుకునే సున్నితమైన సామానే ముందు బలవుతుంది. మీ ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే.

సింగిల్ ఫేజ్ ఇళ్ళవాళ్ళు మాకిది వర్తించదు అనుకోకండి. మీ ఇంటికి మాత్రమే వచ్చే న్యూట్రల్ తెగితే సామాన్లు ఆగిపోతాయి, వోల్టేజి పెరగదు. కానీ ఆన్‌లో ఉన్న ఏదో ఒక లోడ్ ద్వారా న్యూట్రల్ వైరుకు కూడా ఫేజ్ వచ్చి నిలబడుతుంది. టెస్టర్ రెండు వైపులా వెలుగుతుంది, ముట్టుకుంటే షాక్ కొడుతుంది. స్తంభం దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో నలుగురికీ కలిపి ఉన్న న్యూట్రల్ తెగితే మాత్రం సింగిల్ ఫేజ్ ఇంటికి కూడా 350 రావొచ్చు.

పాడైన ఫ్రిజ్ బోర్డును మెకానిక్ విప్పినప్పుడు పక్కనుండి చూడండి, చాలా సంగతులు దొరుకుతాయి. కరెంటు లోపలికి వచ్చేచోట ఫ్యూజు, దాని పక్కనే నీలం రంగు బిళ్ళలాంటి వేరిస్టర్ (స్పైక్‌ను అడ్డుకునే భాగం), కాస్త అవతల స్థూపాకారంలో పెద్ద కెపాసిటర్ ఉంటాయి. ఆ కెపాసిటర్ మీద సాధారణంగా 400 వోల్టులనో 450 వోల్టులనో రాసి ఉంటుంది. 364 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే 510 దాటుతుంది. దాంతో కెపాసిటర్ తల ఉబ్బుతుంది, లేదా పై గీతల వెంట చీలి లోపలి ద్రవం కారి ఎండిన మరక కనబడుతుంది. వేరిస్టర్ నల్లగా మాడి రెండుగా పగిలి ఉంటుంది. ఇవి కనిపిస్తే నిలకడగా వచ్చిన హై వోల్టేజి అని దాదాపు తేల్చేయవచ్చు. అలాకాకుండా పవర్ సప్లై భాగం బాగానే ఉండి, టీవీలో హెచ్‌డీఎంఐ పోర్టో, రౌటర్‌లో లాన్ పోర్టో మాత్రమే పోయిందంటే దెబ్బ కరెంటు వైరు మీదుగా రాలేదు, కేబుల్ మీదుగా వచ్చింది. ఏవి పోయాయి, అవి ఏ ఫేజ్ మీద ఉన్నాయి, ఏవి బతికాయి అని ఒక కాగితం మీద రాసుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మీ విషయంలో పోయినవన్నీ హాలు ఫేజ్ మీదివే అయి ఉంటాయని నా అంచనా.

అందుకే మొదటి పని న్యూట్రల్. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, మెయిన్ ఆపి, కరెంటు లేదని వోల్టేజి కొలిచే మీటరు పెట్టి నిర్ధారించుకున్నాకే చేయాలి. కరెంటు మీటరు నుంచి మెయిన్ స్విచ్‌కి, అక్కడి నుంచి డిస్ట్రిబ్యూషన్ బోర్డులోని న్యూట్రల్ లింక్‌కి (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే ఇత్తడి పట్టీకి) వచ్చే ప్రతి బిగింపునూ చూడాలి. వదులైన న్యూట్రల్ గుర్తులు దాచినా దాగవు. ఇత్తడి పట్టీ మీద ఒక్క స్క్రూ చుట్టూ మాత్రం రంగు మారి ఉంటుంది, అందులోకి వెళ్ళే నల్ల వైరు ఇన్సులేషన్ అర అంగుళం మేర గట్టిపడి ముడుచుకుపోతుంది, వేలితో వంచితే పెచ్చులూడుతుంది. ఆ వైరు చివరను కోసేసి, శుభ్రమైన రాగి బయటపెట్టి, లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) వేసి బిగించాలి. అల్యూమినియం సర్వీసు వైరు రాగితో కలిసేచోట మరింత జాగ్రత్త కావాలి. ఆ రెండు లోహాలనూ నేరుగా మెలిపెట్టి టేపు చుడితే అది ఏదో ఒక రోజు వదులవుతుంది. దానికి రెండు లోహాలకూ సరిపడే బైమెటాలిక్ లగ్గో, సరైన కనెక్టరో వాడాలి.

ఇన్వర్టర్‌కో జనరేటర్‌కో సప్లై మార్చే ఛేంజోవర్ స్విచ్ ఉంటే దాని న్యూట్రల్ పోల్‌ను తప్పకుండా పరీక్షించండి. ఫోర్ పోల్ స్విచ్‌లో న్యూట్రల్ కాంటాక్టు మిగతావాటికంటే ముందు కలవాలి, చివర్లో విడిపోవాలి. అది అరిగినా మాడినా స్విచ్ తిప్పిన ప్రతిసారీ ఇంటికి గండమే. న్యూట్రల్‌లో ఫ్యూజు వేయడం, ఫేజ్‌లను వదిలేసి న్యూట్రల్‌ను మాత్రమే ఆపే స్విచ్ పెట్టడం లాంటివి కనిపిస్తే ఆ రోజే తీయించండి. మీటరుకు ముందున్న భాగం సప్లై ఇచ్చే సంస్థది. దాన్ని మీరుగానీ మీ ఎలక్ట్రీషియన్‌గానీ ముట్టుకోవద్దు. లైట్లు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గాయి అని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ‘వోల్టేజి హెచ్చుతగ్గులు’ అని రాసినదానికంటే దీన్ని వాళ్ళు త్వరగా అర్థం చేసుకుంటారు.

మళ్ళీ అలాంటి వెలుతురు తేడా కనబడితే ఒక్కో సామానూ ఆపుతూ తిరగకండి. హీటర్‌లాంటి పెద్ద లోడ్ ఆపేస్తే రెండో ఫేజ్ మీద వోల్టేజి తగ్గుతుందో పెరుగుతుందో ఆ హడావుడిలో ఎవరూ చెప్పలేరు. నేరుగా వెళ్ళి మెయిన్ దించేయండి.

రెండో పని, మీరు లేనప్పుడు ఆ మెయిన్‌ను దించే పరికరం పెట్టడం. దీన్ని ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి ప్రొటెక్టర్ అంటారు. బోర్డులో ఎంసీబీల (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌ల) వరసలోనే కూర్చుంటుంది. వోల్టేజి హద్దు దాటితే ఇంటి లోడ్‌ను తెంచేస్తుంది, మామూలు స్థితికి వచ్చి కాసేపు నిలకడగా ఉన్నాకే మళ్ళీ కలుపుతుంది. త్రీ ఫేజ్ ఇంటికైతే మూడు ఫేజ్‌లనూ న్యూట్రల్‌నూ కనిపెట్టే రిలే, దానితో నడిచే కాంటాక్టర్ (లోడ్‌ను తెంచే పెద్ద స్విచ్) తీసుకోవడం మంచిది. 230 వోల్టుల సప్లైకి నేనైతే పై హద్దు 265, 270 మధ్య పెడతాను. కరెంటు తిరిగి వచ్చాక మూడు నిమిషాల ఆలస్యం పెట్టమనండి. ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్లలో గ్యాస్ పీడనం సర్దుకోవడానికి ఆ సమయం కావాలి. రిలే, కాంటాక్టర్ల కరెంటు సామర్థ్యం మీ మెయిన్‌కు సరిపోవాలి. రిలే 400 వోల్టులు వచ్చినా తట్టుకుంటుందో లేదో లేబుల్ మీద చూసుకోండి. ఆ ఘడియలో మొదటి దెబ్బ పడేది దాని మీదే.

నా దృష్టిలో మీ ఇంటికి అన్నిటికంటే ముఖ్యమైన కొనుగోలు ఇదే. ఎస్‌పీడీ పేరు అందరూ చెబుతారు, దీని పేరు ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఎస్‌పీడీ సంగతి. దాని లోపల ఉండేది ముఖ్యంగా జింక్ ఆక్సైడ్‌తో చేసిన వేరిస్టర్. మామూలు వోల్టేజి దగ్గర అది కరెంటును దాదాపు పోనివ్వదు, హద్దు దాటగానే తలుపు తెరిచినట్టు దారి ఇచ్చి స్పైక్‌ను ఎర్త్ వైపు మళ్ళిస్తుంది. 275 వోల్టుల ఏసీకి తయారైన మామూలు వేరిస్టర్ 430 వోల్టుల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. న్యూట్రల్ పోయి 364 వోల్టులు వస్తే, ఆ ఏసీ శిఖరం 510 పైన ఉంటుంది కాబట్టి ప్రతి అర సైకిల్‌లోనూ అది తెరుచుకుంటూ వేడెక్కుతుంది. మైక్రోసెకన్ల పనికి చేసిన వస్తువు సెకన్ల తరబడి ఆ భారం మోయలేదు. మీ స్పైక్ బస్టర్ మీ టీవీని కాపాడలేకపోవడానికి కారణం ఇదే. అసలు లోపల వేరిస్టర్ అంటూ ఉంటే కదా. చవకరకం స్పైక్ బస్టర్లలో కొన్నిటి లోపల స్విచ్చూ సాకెట్లూ తప్ప స్పైక్‌ను ఆపేది ఏమీ ఉండదు.

ఎస్‌పీడీ కొనేటప్పుడు లేబుల్ మీద చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. టైప్ 1 అంటే పిడుగు కరెంటులో కొంత భాగాన్ని నేరుగా మోయగలది. ఇంటి మీద పిడుగు కడ్డీ ఉంటే, లేదా బహిరంగ ప్రదేశంలో తల మీదుగా లైన్ వస్తుంటే అది కావాలి. టైప్ 2 అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో పెట్టేది, ఎక్కువ ఇళ్ళకు సరిపోయేది. టైప్ 3 అంటే సామాను పక్కన పెట్టేది, టైప్ 2 లేకుండా అదొక్కటే ఉంటే పెద్దగా లాభం లేదు. ఈ తరగతులు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61643-11 లోనివి. ఆ సంఖ్య లేబుల్ మీద లేకపోతే కొనకండి. నిరంతరం తట్టుకునే వోల్టేజి, అంటే యూసీ, 275 ఉన్నవీ 320 ఉన్నవీ దొరుకుతాయి. వోల్టేజి తరచూ పెరిగే చోట నేను 320 వైపే మొగ్గుతాను. యూపీ అనేది స్పైక్‌ను ఎంతకు దించుతుందో చెప్పే అంకె. అది 1.5 కిలోవోల్టులు లేదా అంతకంటే తక్కువ ఉండాలి. 230/400 వోల్టుల సప్లైలో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటివి 2.5 కిలోవోల్టుల స్పైక్‌ను తట్టుకోవాలని, సున్నితమైన ఎలక్ట్రానిక్స్ 1.5 వరకే తట్టుకుంటాయని లెక్క. ఆ 1.5 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది.

మంచి ఎస్‌పీడీ కొని కూడా దాన్ని పనికిరాకుండా చేసేది వైరు పొడవు. బోర్డు అందంగా ఉండాలని వైర్లను మూలల వెంట తిప్పి, మిగిలినదాన్ని చుట్టగా చుట్టి టై కట్టడం నేను ఎన్నో చోట్ల చూశాను. వేగంగా పెరిగే స్పైక్‌కు ఒక్క మీటరు పొడవు వైరు కూడా అడ్డే. ప్రతి మీటరు పొడవుకు సుమారు 1000 వోల్టులు అదనంగా పడతాయని లెక్క వేసుకోండి. 1.5 కిలోవోల్టులకు దించే ఎస్‌పీడీకి మీటరు పొడవు వైరు కలిపితే సామానుకు చేరేది 2.5. అంటే కాపలా ఉన్నా లేనట్టే. ఫేజ్ నుంచి ఎస్‌పీడీకి, ఎస్‌పీడీ నుంచి ఎర్త్ బార్‌కి, రెండూ కలిపి అర మీటరు మించకూడదు. తిన్నగా, వంకర లేకుండా పోవాలి. కొత్త ఎస్‌పీడీకి చోటు ఎక్కడుందో చూసి పెట్టడం చాలామంది చేసే పని. ఎర్త్ బార్ పక్కన చోటు చేసి పెట్టమని పట్టుబట్టండి. ఎస్‌పీడీకి ముందు, దాని తయారీదారు చెప్పిన రేటింగ్ ఫ్యూజో ఎంసీబీయో ఉండాలి. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే పడిపోయే స్విచ్) ఉన్న బోర్డులో ఎస్‌పీడీ దానికంటే ముందు రావాలి, లేకపోతే ప్రతి ఉరుముకూ ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎర్తింగ్ ఇంటి సొంత రాడ్ మీదే ఆధారపడి ఉన్నచోట న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య గ్యాస్ ట్యూబ్ (స్పైక్ వచ్చినప్పుడే దారి ఇచ్చే చిన్న గొట్టం) ఉండే రకం, అంటే త్రీ ఫేజ్‌కు 3+1, సింగిల్ ఫేజ్‌కు 1+1 అని రాసి ఉండేది వాడాలి.

బోర్డు నుంచి వైరు దారిలో పది మీటర్లు దాటిన సామానుకు బోర్డులోని ఎస్‌పీడీ ఒక్కటే సరిపోకపోవచ్చు. పై అంతస్తు చివరి గదిలో కంప్యూటర్ ఉంటే అక్కడ టైప్ 3 పెట్టండి. ఎర్త్ పిన్ లేని టూ పిన్ అడాప్టర్ ద్వారా పెడితే మాత్రం దాని పని సగమే జరుగుతుంది.

ఎర్తింగ్ గురించి ఒక గట్టి మాట. ‘ఎలక్ట్రానిక్స్‌కు వేరే శుభ్రమైన ఎర్త్’ అని ఇంకో రాడ్ పాతి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం ప్రమాదం. 5 ఓమ్‌ల రాడ్‌లోకి వెయ్యి ఆంపియర్లు దిగినా ఆ రాడ్ 5000 వోల్టులకు లేస్తుంది. రెండో రాడ్ మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. ఆ 5000 వోల్టుల తేడా మీ కంప్యూటర్ లోపల తీరుతుంది. ఎన్ని రాడ్లు ఉన్నా అన్నిటినీ కలిపి ఒకే ఎర్త్ చేయాలి. టీవీ కేబుల్, డిష్ వైరు, టెలిఫోన్ లైను, బయటి కెమెరాల లాన్ వైర్లు కూడా వీలైనంతవరకు కరెంటు వైరు వచ్చే చోటే ఇంట్లోకి వచ్చి, తమ తమ ప్రొటెక్టర్ల ద్వారా ఆ ఎర్త్‌కే కలవాలి. ఇల్లంతా ఒకేసారి పైకి లేచి ఒకేసారి కిందికి దిగితే సామానుకు ఏమీ కాదు, తేడా వస్తేనే కాలుతుంది. లోహపు తీగ లేని ఫైబర్ ఇంటర్నెట్ అయితే ఆ దారి మూసుకుపోయినట్టే. గోడ మీదా గేటు మీదా ఉన్న కెమెరాలు, మోటారు పంపు స్టార్టర్, పైకప్పు మీది సోలార్ ప్యానెళ్ళు మాత్రం మిగిలే ఉంటాయి. సోలార్ ఉంటే డీసీ వైపు దానికి తగిన డీసీ ఎస్‌పీడీ విడిగా కావాలి, ఏసీది అక్కడ పెట్టకూడదు.

స్టెబిలైజర్ ఉంది కదా అని అడిగేవాళ్ళు చాలామంది. స్టెబిలైజర్ రిలే కదలడానికి పట్టే సమయంలో స్పైక్ వచ్చి వెళ్ళిపోతుంది. కానీ హై వోల్టేజి కటాఫ్ ఉన్న స్టెబిలైజర్ న్యూట్రల్ పోయినప్పుడు ఫ్రిజ్‌ను కాపాడగలదు, కాబట్టి ఉన్నదాన్ని తీసేయకండి. ఎంసీబీ కరెంటు ఎక్కువైతేనే పడుతుంది, వోల్టేజి సంగతి దానికి తెలియదు.

దగ్గర్లో పడే పిడుగుకు పూర్తి హామీ ఇచ్చే పరికరం లేదు. ఉరుములు దూరంగా వినిపిస్తున్నప్పుడే ఖరీదైన సామాన్ల ప్లగ్గులు పీకేయండి, కేబుల్, లాన్ వైర్లతో సహా. స్విచ్ ఆపితే సరిపోదు. గోడ స్విచ్ సాధారణంగా ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్, ఎర్త్ కలిసే ఉంటాయి, పైగా లోపలి ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే. వాన నెత్తిమీదికి వచ్చాక మాత్రం వైర్ల జోలికి వెళ్ళకండి. సామాను పోతే పోతుంది.

ఎస్‌పీడీ పెట్టాక దాని కిటికీ రంగు నెలకోసారి, పెద్ద గాలివాన తర్వాత తప్పనిసరిగా చూడండి. సాధారణంగా ఆకుపచ్చ ఉంటే పని చేస్తున్నట్టు, ఎరుపు వస్తే అందులోని కార్ట్రిడ్జ్ (తీసి మార్చే భాగం) పని అయిపోయినట్టు. కరెంటు మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి చూడకపోతే తెలియదు. ఎప్పుడైనా మెగ్గర్‌తో వైరింగ్ ఇన్సులేషన్ పరీక్ష చేయిస్తే ముందు ఆ కార్ట్రిడ్జ్‌లు తీయించండి, లేకపోతే రీడింగ్ తప్పు వస్తుంది.

మీ విషయానికి వస్తే, ఈ వారం న్యూట్రల్ బిగింపులన్నీ చూపించి, సప్లై సంస్థకు ఫిర్యాదు రాయండి. అది తేలేదాకా కొత్త టీవీ బిగించకండి. ఆ తర్వాత ఓవర్ వోల్టేజి రిలే, ఎస్‌పీడీ ఒకే రోజు పెట్టించుకుంటే బోర్డు ఒక్కసారే విప్పితే సరిపోతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మూడు ఫేజ్‌లకూ న్యూట్రల్‌తో, ఎర్త్‌తో విడివిడిగా వోల్టేజి కొలిపించండి. ఒకసారి లోడ్ లేకుండా, ఒకసారి ఒక ఫేజ్ మీద హీటర్ వేసి. హీటర్ వేయగానే దాని ఫేజ్ బాగా తగ్గి మిగతావి పెరిగితే న్యూట్రల్ ఇంకా బాగుపడలేదు. ఆ అంకెలు ఇక్కడ రాయండి, బోర్డు ఫోటో కూడా పెట్టండి. ఎక్కడ వెతకాలో చెబుతాను.